కోతల పండుగ నాటి చప్పట్లు

బడి మళ్లీ తెరిచిన రోజున టీచరు ఎలీశమ్మ గంట కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పి పుట్టించుకుంది. చర్చి పక్కనున్న రేకుల షెడ్డే బడి. దూలానికి వేలాడే రైలు పట్టా ముక్కే గంట. సుత్తి పుచ్చుకుని కొడితే సరూర్‌నగర్ చెరువు దాకా వినిపిస్తుందని దానికి పేరు. ఆ రోజు చెరువు దాకా వినిపించిందో లేదో కానీ, వినవలసిన చెవులకు మాత్రం సోకలేదు. వచ్చినవాళ్లు ఎవరయ్యా అంటే, నెల జీతాలున్న ఇళ్ల పిల్లలు. బస్సు డ్రైవరు కొడుకు, దవాఖానలో ఆయాగా చేసే ఆమె కూతుళ్లు, ఇంకా ఇద్దరు ముగ్గురు. మిగతా బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి.

తబిత రాలేదు. తబిత రాలేదంటే ఆమె వెనకాల నడిచే పిల్లల గుంపంతా రాలేదన్నమాటే. తబిత ఇటుకలు మోసే తీతుకు పెద్దకూతురు, పదేళ్లు దాటిన పిల్ల. చదువులో అంతంతమాత్రమే. గుణింతాల దగ్గర ఆగిపోయిన బండి ఎంత తోసినా కదిలేది కాదు. కానీ పేటలోని పిల్లలకు ఆమె మాటంటే మాటే. చెరువుకు పోదామంటే చెరువుకు, బడికి పోదామంటే బడికి, గీత గీసినట్టు వెంట నడిచేవాళ్లు.

ఆ పిల్ల ఎందుకు రాలేదో ఎలీశమ్మకు తెలుసు. తెలిసి కూడా వాకిట్లో నిలబడి దారి చూసింది. తప్పు చేసినవాళ్లకు ఆ అలవాటుంటుంది. ఎవరో ఒకరు వచ్చి, నీ తప్పు దానంతటదే సర్దుకుపోయిందిలే, ఇక లోపలికి పో అని చెబుతారని చూస్తుంటారు. అలా చెప్పడానికి ఎవరూ రారు. ఎండెక్కాక ఆమె లోపలికి వెళ్లి, ఉన్న ఆ కొద్దిమంది చేతా పాఠం చదివించింది.

అసలు సంగతి తెలియాలంటే ఆ ఏడు మొదటికి వెళ్లాలి. అరవైతొమ్మిది సంవత్సరం. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ అంటే నగరానికి ఒక చివర. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్థులు ప్లాట్లు కొనుక్కుని ఒక్కొక్కరే ఇళ్లు కట్టుకుంటున్నారు. వాళ్ల ఇళ్లకు ఇటుకలు మోసినవాళ్లు నల్లగొండ పల్లెల నుంచి వచ్చి చర్చి వెనకాల గుడిసెలు వేసుకున్నారు. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోట అప్పట్లో చూపు ఆనినంత మేర ద్రాక్షతోటలే. పల్లె నుంచి వచ్చిన కుటుంబంలో తండ్రి ఇటుకలు మోస్తే, తల్లీ పిల్లలూ తోటల్లోకి పోయేవాళ్లు. ఆ పిల్లల్ని తోటల్లోంచి బయటికి లాగడానికి ఎలీశమ్మ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇంటింటికీ తిరిగి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తండ్రులతో తిట్లు తిన్నది. చివరికి పని చేసింది ఆమె పోరు కాదు, ఉప్మా.

బాలసేవా సంఘం అని దిల్‌సుఖ్‌నగర్ ఇల్లాళ్లు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుండేది. వాళ్లు ఎక్కడెక్కడినుంచో గోధుమనూక, పాలపొడి తెప్పించి బడికి ఇచ్చేవాళ్లు. బడికి వచ్చిన పిల్లకు పొద్దున గ్లాసెడు పాలు, మధ్యాహ్నం కడుపునిండా ఉప్మా. ఒక పూట తిండి ఖర్చు తప్పితే పిల్ల తెచ్చే కూలి పోయినా ఫర్వాలేదని తల్లులు లెక్క చూసుకున్నారు. అలా బల్లలు నిండాయి. సంఘానికి ఒకటే నియమం. బడి జరిగిన రోజే తిండి.

జనవరిలో కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. ప్రత్యేక తెలంగాణ కావాలన్నారు, ఆంధ్రావాళ్లు వెనక్కి పోవాలన్నారు. వాళ్ల కోపానికి కారణాలు వాళ్లకున్నాయి, ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. బడులు మూతపడ్డాయి. బడి జరగని రోజున తిండి లేదు కనుక పాలపొడి డబ్బాలు గదిలోనే ఉండిపోయాయి, తాళం ఎలీశమ్మ నడుముకు వేలాడింది. ఇళ్లు కట్టించుకుంటున్న ఆసాములు పనులాపి గుంటూరుకో ఏలూరుకో సర్దుకున్నారు. తీతు మోసే ఇటుకలు కుప్పగా పడి ఉన్నాయి, మోయమనేవాడు లేడు. ఒకేసారి తండ్రి పనీ పోయి, పిల్ల ఉప్మా కూడా పోయింది.

సంఘం కార్యదర్శి ఇందిరాదేవిని ఎలీశమ్మ అడగకపోలేదు.

“అమ్మా, బడి లేకున్నా పిల్లలకు ఆకలైతది గదా. తాళం తీస్త, వండి పెడత,” అంది.

“నాకు మాత్రం మనసు లేకనా ఎలీశమ్మగారూ? బడిపిల్లల కోసమని ఇచ్చినవాళ్లు ఇచ్చారు. బడే లేనప్పుడు పెడితే రేపు ఏమని చెప్పుకోవాలి? నాలుగు రోజులు ఓపిక పట్టండి. తెరుస్తారులెండి,” అంది ఇందిరాదేవి.

ఇందిరాదేవి చెడ్డమనిషి కాదు. ఆమె పిల్లలకూ బళ్లు లేవు. కానీ ఆమె ఇంట్లో ఓపికకు తోడుగా అన్నం కూడా ఉంది.

ఒకరోజు ఎలీశమ్మ మలక్‌పేట దాకా వెళ్లి వస్తుంటే, రోడ్డు వారన తబితా, ఆమె గుంపూ కనబడ్డారు. కంకర కుప్పలోంచి చేతికి ఇమిడే రాళ్లు ఏరి, ముందున్న పెద్ద కుర్రాళ్లకు అందిస్తున్నారు. అవతల పోలీసులు లాఠీలతో నిలబడి ఉన్నారు. ఎలీశమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లల్ని రెక్కలు పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఎందుకు పోయారని అడిగితే, రాళ్లు అందిస్తే బఠాణీలు పెడుతున్నారన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే రామమోహనరావు స్కూటరు వేసుకుని చర్చి గేటు దగ్గరికి వచ్చాడు. కృష్ణాజిల్లా నుంచి వచ్చి తోట వేసిన పెద్దమనిషి. కాయ పండి పందిరికి వేలాడుతోంది. మీర్‌పేట నుంచీ బాలాపూర్ నుంచీ వచ్చే కూలివాళ్లు మానేశారు. కొందరికి ఆంధ్రావాడి తోటలో పని చెయ్యడం ఇష్టం లేదు, ఇష్టం ఉన్నవాళ్లకు దారిలో ఎవరైనా కొడతారని భయం.

“ఏవండీ టీచరుగారూ, మీ బడిపిల్లలు ఊరికే తిరుగుతున్నారు కదండీ. కొన్నాళ్ల పని. గుత్తుల్లో కుళ్లిన కాయలు ఏరేసి గంపల్లో సర్దడమే. ఎండ తగలదు, పందిరి కిందే. రోజుకూలి కాక, మధ్యాహ్నం అన్నం కూడా మా ఇంటి నుంచే వస్తుంది. పిల్లల్ని దారిలో ఎవరూ ఆపరండీ,” అన్నాడు.

పిల్లల్ని ఎవరూ ఆపరన్న ఆ మాట దగ్గర ఎలీశమ్మ ఆగి ఆలోచించి ఉండవలసింది. ఆగలేదు. రోడ్డు మీద లాఠీ, తోటలో అన్నం. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ తల్లి అయినా రెండోదాన్నే చూపిస్తుంది. బడి తెరిచేదాకానే అని మరీ మరీ చెప్పి ఒప్పుకుంది. మర్నాడు పిల్లల్ని జతలు జతలుగా నిలబెట్టి, తానే ముందు నడిచి తోటకు తీసుకుపోయింది. పని మొదలుపెట్టే ముందు పందిరి కింద వాళ్ల చేత ప్రార్థన కూడా చేయించింది.

ఇంతవరకు జరిగింది ఆపద్ధర్మం అనుకోవచ్చు. ఎలీశమ్మ కూడా అలాగే అనుకుని తర్వాత చాలాసార్లు మనసుకు సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోలేనిది ఈస్టరు తర్వాత వచ్చిన కోతల పండుగ.

కోతల పండుగంటే పంటలో మొదటి పాలు దేవుడికి తెచ్చివ్వడం. పల్లెలో ఉన్నప్పుడు జొన్నకంకి తెచ్చేవాళ్లు, కోడిపెట్టను తెచ్చేవాళ్లు. పట్నం వచ్చాక పొలమెక్కడిది? అందుకని కొత్తగా పనిలో చేరినవాడు మొదటి కూలిని గుడ్డలో ముడేసి తెచ్చి చర్చిలో బల్ల మీద పెట్టడం ఆనవాయితీ అయింది. అలా పెట్టినవాణ్ణి పేరుపెట్టి పిలిచి పాస్టరుగారు ఆశీర్వదిస్తే, ఆ రోజు నుంచి వాడు పెద్దవాళ్లలో లెక్క. ఆ ఏడు కర్ఫ్యూ వల్ల పాస్టరుగారు సిటీ నుంచి రాలేకపోయారు. ఆరాధన నడిపించమని చర్చి పెద్దలు ఎలీశమ్మనే అడిగారు.

జనం పలచగా ఉన్నారు. పనుల్లేక ముఖాలు పీక్కుపోయి ఉన్నాయి. బల్ల మీద అర్పణలు చూస్తే ఏడుపొచ్చేలా ఉన్నాయి, రెండు సొరకాయలు, దోసెడు బియ్యం, ఒక కోడిగుడ్డు. అప్పుడు తబిత లేచి నిలబడింది. నూనె రాసి దువ్విన తల, ఉతికి కట్టిన పరికిణీ. రెండు చేతుల్లో తన చేత్తో కోసిన ద్రాక్షగుత్తి, దాని కాడకు కట్టిన గుడ్డముడిలో మొదటి కూలి. నడిచి వచ్చి బల్ల మీద పెట్టింది.

ఎలీశమ్మ బల్ల వెనక నుంచి ముందుకొచ్చింది. ఇన్నాళ్లూ జనానికి చెప్పడానికి ఒక్క మంచిమాట దొరక్క అల్లాడుతున్న మనిషి. పిల్లను ఎత్తి బల్ల పక్కనున్న స్టూలు మీద నిలబెట్టింది. పిల్ల రెండు చేతులూ పట్టుకుని పైకెత్తి జనానికి చూపించింది.

“చూడుర్రి, ఈ చేతులు చూడుర్రి! పెద్దోళ్లం మనం చేతులు ముడుసుకోని కూసున్నం. ఈ బిడ్డ కష్టపడి ఇల్లు నడుపుతున్నది. దేవుడు మెచ్చే చేతులు ఇవి. ఇసొంటి బిడ్డ ఇంటికొకరుంటే మనకేం తక్కువ?”

చప్పట్లు మోగాయి. ఆ చర్చి కప్పు కింద అంత చప్పుడు ఎన్నడూ పుట్టలేదు. ఆరాధన అయ్యాక అర్పణలు వేలం వేస్తే, తబిత గుత్తికి పోటీపడి పాడారు. అన్నిటికంటే అదే ఎక్కువ పలికింది. తీతు వెనక వరసలో కూర్చుని కండువాతో కళ్లు తుడుచుకోవడం ఎలీశమ్మ చూసింది. చూసి సంతోషించింది కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు అన్నం సహించదు.

సోమవారం పొద్దున ఆమె గుమ్మం ముందు తల్లులు నిలబడ్డారు. “మా పిల్లను గూడ తీస్కపో అక్కా. ఆ తబిత కంటె మాది మంచిగ జేస్తది,” అని ఒకరు. “మావోడు చిన్నోడే గానీ చేతులు చురుకు,” అని ఇంకొకరు. అంతవరకు పిల్లల్ని పనికి పంపడమంటే గతిలేక చేసే పని. అడిగితే తలవంచుకుని చెప్పేవాళ్లు. ఎలీశమ్మ ఒక్క పూటలో దానికి పట్టుబట్ట కట్టింది. ఇక ఎవరు తలవంచుకుంటారు?

కాయకోత ముగిశాక కూడా తోటలో పిల్లలకు ఏదో ఒక పని దొరుకుతూనే ఉంది. ఉద్యమం చల్లబడి బడి తెరిచేసరికి దీపావళి కూడా వెళ్లిపోయింది. అదీ ఖాళీ బల్లల కథ.

మర్నాడు బడి వదిలాక ఎలీశమ్మ తీతును వెతుక్కుంటూ వెళ్లింది. చర్చి వెనకాల వాళ్ల గుడిసె ఉన్న చోట పొయ్యిరాళ్లు మాత్రం మిగిలాయి. ఆరా తీస్తే తోటలోకే మారారన్నారు. బావి పక్కన తాటాకులు కప్పిన కొత్త గుడిసె. తీతు తాడు పేనుతూ కూర్చున్నాడు. చిన్నకూతురు సలోమి మట్టిలో ఆడుకుంటోంది. ఎలీశమ్మను చూసి తీతు గబుక్కున లేచి మంచం వాల్చాడు.

“కూసో అక్కా. జర మంచినీళ్లు తాగుతవా?”

“నీళ్లొద్దు తీతు. బడి తెరిచిన. పిల్లనెందుకు తోలలే?”

తీతు తాడు కొస చూసుకుంటూ అన్నాడు. “తోలుదమనే ఉన్నది అక్కా. గానీ ఎట్ల తోల్త? గుడిసె జాగ కిరాయికి మాకాడ పైసల్లేక బజార్ల పడబోతే, రావుగారు ఈ గుడిసె ఇచ్చిండు. పిల్ల పని జూసి ఇచ్చిండు, నన్ను జూసి గాదు. రేపు పిల్ల పనికి రాకుంటే మమ్ముల ఎందుకు ఉంచుకుంటడు?”

“నీకు ఇటుకల పని మొదలైంది గదా?”

“అయింది. వారంల మూడొద్దులు ఉంటది, నాల్గొద్దులు ఉండది. మల్ల ఏ గొడవొస్తదో, ఎప్పుడు బంద్ అంటరో. పిల్లకైతే పని బంద్ లేదు.” తప్పు పట్టే గొంతుతో కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. “అక్కా, కోతల పండుగనాడు నువ్వే గదా దేవుడు మెచ్చే చేతులు అన్నవ్. అందరి ముంగట అన్నవ్. గిప్పుడు నేను మాన్పిస్తే దేవునికి కోపం రాదా?”

నేను పొరపాటున అన్నాను తీతూ అని ఎలీశమ్మ అనాలి. అనలేకపోయింది. చర్చిలో నిలబడి అన్నమాటను గుడిసెలో నిలబడి వెనక్కి తీసుకుంటే, మిగతా మాటలు మాత్రం ఎవరు నమ్ముతారు? బైబిలు చేత పట్టుకుని ఇంటింటికీ తిరిగే మనిషికి ఆ భయం ఉంటుంది. ఆ భయం కూడా స్వార్థమే అని ఆమెకు తెలుసు. తబిత ఎక్కడుందని మాత్రం అడిగింది.

పందిరి కింద పిల్లలు డబ్బాల మీద నిలబడి ఉన్నారు. పిందె కట్టిన గుత్తుల్లోంచి చిన్న కత్తెరలతో సగం కాయలు కత్తిరించి పారేస్తున్నారు. మిగిలిన కాయలు లావెక్కడానికి అలా పలచన చేస్తారు. పెద్దవాళ్ల వేళ్లు ఆ సందుల్లో పట్టవు. రామమోహనరావు ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఎలీశమ్మ ఉన్నమాట చెప్పింది. పిల్లల్ని బడికి పంపమంది.

“పిల్లలు చదువుకుంటామంటే వద్దనడానికి నేనెవర్నండీ? రేపే పంపించేస్తాను. కాకపోతే గుడిసె పనిచేసేవాళ్ల కోసం వేసింది, ఆ సంగతి మీకు తెలియంది కాదు. అయినా టీచరుగారూ, నేను వాళ్లిళ్ల మీద పడి ఎత్తుకురాలేదు కదండీ. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది మీరే. అందరి ముందూ మెచ్చుకుందీ మీరేనని విన్నాను,” అన్నాడు. వెటకారం లేకుండా మర్యాదగానే అన్నాడు. వెటకారమైతే ఆమె పోట్లాడి ఉండేది.

తబిత డబ్బా మీదనుంచి దూకి పరుగెత్తుకొచ్చింది. ఒంటి మీద కొంచెం కండ పట్టింది. వేళ్లకు మాత్రం పందిరికి కొట్టే మందునీళ్ల నీలిరంగు ఎక్కింది, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయింది.

“టీచరమ్మా, నన్ను జూసెతందుకు ఒచ్చినవా? చూడు, గా వరసంత నాదే. పోరగాండ్లందరికి నేనే పని జెప్త.”

“నిన్ను బడికి తీస్కపోతందుకు ఒచ్చిన బిడ్డా.”

పిల్ల ముఖం మారింది. కాసేపు కత్తెరను తెరుస్తూ మూస్తూ నిలబడింది.

“నేను రాను టీచరమ్మా.”

“ఎందుకు రావు? నాయిన వద్దన్నడా?”

“నాయిన గాదు. బడిల నాకేమొస్తది? అందరు సదువుతుంటె నన్ను గంజు తోమమందువు.”

ఉప్మా వండే పెద్ద గంజు అడుగంటేది. దాన్ని తోమడానికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. తబిత గట్టిపిల్ల, చెప్పినమాట వింటుంది, పైగా చదువు ఎలాగూ ఎక్కడం లేదు. మధ్యాహ్నం పాఠం మొదలవగానే, పోయి గంజు తోమిరా బిడ్డా అనడం ఎలీశమ్మకు ఎప్పుడు అలవాటైందో ఆమెకే గుర్తులేదు. రోజూ అనేది. పిల్ల రోజూ బూడిదా కొబ్బరిపీచూ పట్టుకుని బావి దగ్గరికి పోయేది. తిరిగి వచ్చేసరికి పాఠం అయిపోయేది. ఈ తోటల్లోంచి తాను లాక్కొచ్చిన పిల్లకు తన బడిలో తానే పని పెట్టింది, దానికి కూలి కూడా ఇవ్వలేదు.

“గంజు అంత తోముతుంటి గదా, ఎన్నడన్న ఎవరన్న చప్పట్లు కొట్టిన్రా?” అంది తబిత. పిల్ల నిష్ఠూరమాడటం లేదు, ఉన్నమాట చెబుతోంది. “గీడ పని జేస్తే కైకిలి పైసలిస్తరు. చర్చిల అందరు కొట్టిన్రు. నువ్వు గూడ కొట్టినవ్.”

చెప్పి, ఆలస్యమైతే మేస్త్రి అరుస్తాడంటూ మళ్లీ పరుగెత్తింది.

ఎలీశమ్మ రోడ్డెక్కేదాకా ఏడుపు ఆపుకుంది. విజయవాడ పోయే లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. దుమ్ము పడిందన్న వంకతో కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఇల్లు చేరింది. ఇల్లు చేరినా మనసు కుదుటపడలేదు. ఆ పిల్లను పందిరి కిందికి తోసింది ఆకలి ఒక్కటే అయితే ఆకలిని తిట్టుకోవచ్చు, రామమోహనరావు ఒక్కడే అయితే అతన్ని తిట్టుకోవచ్చు. తిట్టడానికి ఎటు చూసినా తన ముఖమే కనిపిస్తోంది. ఎలాగైనా సరే తబితను బల్ల మీద కూర్చోబెట్టాలి, పాఠం మధ్యలో లేపకుండా కూర్చోబెట్టాలి అనుకుంది. అది జరిగితే తప్ప తనకు నిద్ర పట్టదని కూడా తెలిసింది.

ఈసారి ఇందిరాదేవి ఇంటికి వెళ్లి మెట్ల మీద నిలబడి అడగలేదు. లోపలికి వెళ్లి కూర్చుని, తోటలో చూసిందంతా చెప్పింది, కోతల పండుగ సంగతితో సహా. గంజు సంగతి కూడా చెప్పింది.

“పిల్లకు ఒక పూట తిండి పెడితే మన బాధ్యత తీరిందనుకున్నామండీ. ఆ పిల్ల వెనకాల ఇల్లొకటి ఉందని తట్టనేలేదు. తలుపులు మూసేసుకుని ఓపిక పట్టండని మీకు చెప్పిందాన్ని నేనేగా,” అని, “ఇప్పుడేం చేద్దామంటారు?” అని అడిగింది ఇందిరాదేవి.

“బడిల వండి పెట్టుడే గాక, ఇంటికి గూడ ఇద్దామమ్మా. పిల్లను బడికి తోలిన ఇంటికి వారం వారం నూక, పాలపొడి. బడి బంద్ అయినా ఇద్దాం. గంజు తోమెతందుకు ఒక పెద్దమనిషిని పెట్టుకుందాం.”

ఇందిరాదేవి సంఘంలో మిగతావాళ్లతో పోట్లాడి ఒప్పించింది. దాతలకు నచ్చజెప్పింది. ఎలా చేసిందో కానీ చేసింది. అంతకుముందు ఏ సంఘమూ ఆ పేటలో చెయ్యని పని అది. తీతు కుటుంబం తోటలోంచి బయటపడితే తలదాచుకోవడానికి చర్చి వసారా ఇస్తామని ఎలీశమ్మ చర్చి పెద్దల దగ్గర మాట కూడా తీసుకుంది. ఆదివారం నాడు చర్చిలో లేచి నిలబడి ప్రకటించింది. ఏ ఇంటి నుంచి పిల్ల బడికి వస్తుందో ఆ ఇంటికి నూకా, పాలపొడీ ఇస్తామంది. వెనక వరసలో తీతు తలూపడం చూసి ఆమె గుండె తేలికపడింది.

సోమవారం పొద్దున ఎలీశమ్మ గంట కొట్టి వాకిట్లో నిలబడింది. ఈసారి దారి నిండా పిల్లలే. అందరికంటే ముందు తబిత నడిచి వస్తోంది. ఎలీశమ్మ పరుగులాంటి నడకతో ఎదురెళ్లింది. దగ్గరికి వెళ్లాక చూస్తే తబిత పక్కన చెయ్యి పట్టుకుని సలోమి ఉంది. ఉతికిన గౌను, నూనె రాసిన తల, చంకలో పలక.

“మా చెల్లెను తెచ్చిన టీచరమ్మా,” అంది తబిత. “మా ఇంటికెల్లి ఇది ఒస్తది. నాయిన జెప్పిండు, ఒక్కరు ఒస్తె చాలట గదా. ఇగ గుడిసె గూడ పోదు, నూక గూడ ఒస్తది.”

ఎలీశమ్మ ఆమె వెనకాల చూసింది. వచ్చినవాళ్లందరూ చిన్నవాళ్లే. ముక్కు కారుతున్నవాళ్లు, నడక కుదరనివాళ్లు. తోటలో పనికి ఇంకా పనికిరాని పిల్లలు. తబిత గుంపులోని పెద్దపిల్లలు ఒక్కో తమ్ముణ్ణో చెల్లెల్నో గేటు దాకా తెచ్చి, అప్పటికే వెనక్కి తిరిగి రోడ్డు దాటుతున్నారు. ఇంటికొక పిల్ల. ఏ ఇల్లూ మాట తప్పలేదు.

“మరి నువ్వు?” అంది ఎలీశమ్మ.

“నేను పోవాలె. పొద్దెక్కితే మేస్త్రి ఊకోడు.” తబిత చెల్లెలి చెయ్యి తీసి టీచరు చేతిలో పెట్టింది. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది. సలోమికి వినపడకుండా గొంతు తగ్గించి పెద్దమనిషిలా చెప్పింది. “టీచరమ్మా, అది తొందరగ నేర్సుకోదు. నాలెక్కనే. గానీ ఏది రాసినా మంచిగున్నది అను. అందరి ముంగట అను. అట్లంటేనే రోజు ఒస్తది.”

పిల్ల రోడ్డు దాటి తోటల వైపు పరుగెత్తింది. ఆపడానికి ఎలీశమ్మ నోరు తెరిచింది. ఆపి ఏం చెప్పాలి? చెల్లెల్ని తీసుకుపొమ్మనాలా? ఆ పసిదాని ఆకలి మాత్రం ఆకలి కాదా? లోపలికి వెళ్లి సలోమిని ముందు బల్ల మీద కూర్చోబెట్టింది.

సలోమి నాలుక బయటపెట్టి, ఒళ్లంతా బిగబట్టి పలక మీద అక్షరం దిద్దింది. అ కాదు, ఆ కాదు, ఏదో వంకర గీత. రాసి తలెత్తి టీచరు ముఖంలోకి చూసింది. మంచిగున్నది అనడానికి ఎలీశమ్మకు నోరు రాలేదు. అలాంటి మాట అన్నందుకే కదా ఒకర్ని పోగొట్టుకుంది. అనకపోతే రేపటి నుంచి ఈ పిల్ల కూడా రాదు. పిల్ల ఇంకా చూస్తూనే ఉంది.

“మంచిగున్నది బిడ్డా,” అంది ఎలీశమ్మ, అందరికీ వినపడేలా.